తెలిసిన సైట్లన్నీ పెట్టి కట్టినా ఎన్‌హాన్సర్ ఎందుకు పలకడం లేదు?

తెల్లారిగట్ల
పీహెచ్‌డీ మూడో ఏడు. పండ్ల ఈగ పిండంలో కండరాల దగ్గర ఒక జన్యువును నడిపించే ఎన్‌హాన్సర్ మీద పని చేస్తున్నాను. పొడవు 340 డీఎన్ఏ అక్షరాలు. ఏ ప్రోటీన్ ఎక్కడ కూర్చుంటుందో పాత పేపర్లలో వచ్చేసింది, మొత్తం 7 చోట్లు. ఆ 7 సైట్లను అలాగే ఉంచి, మధ్యలో ఉన్న మిగతాదంతా తీసేసి, ఏ, టీ, జీ, సీలను లాటరీ తీసినట్టు నింపి, ముక్క మొత్తం కొత్తగా తయారు చేయించాను. లాక్‌జీ రిపోర్టర్ (ఎన్‌హాన్సర్ పలికిన చోట నీలం తేల్చే జన్యువు) ముందు పెట్టి ఇంజెక్షన్‌కి పంపితే ఈగలు చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది. నిన్న సాయంత్రం పిండాలను ఎక్స్‌గాల్ అనే రంగు మందులో వేసి రాత్రంతా ఉంచాను. పొద్దున్నే మైక్రోస్కోప్ కింద పెడితే అన్నీ తెల్లగా, బియ్యం నూకల్లా ఉన్నాయి. నీలం చుక్క ఒక్కటి లేదు.

అవసరమైన ప్రోటీన్లన్నిటికీ కుర్చీలు వేశాను కదా. ఎందుకు పలకడం లేదు? వచ్చే వారం గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

బోరుబావి
నేను సైన్సు చదివినవాణ్ణి కాదమ్మా, మోటార్లు బిగించే పని. ఎన్‌హాన్సర్ అంటే ఏంటో ఒక్క ముక్కలో చెబితే నేనూ ఫాలో అవుతా.

బఫర్‌బాటిల్
@బోరుబావి మీకు మీ పనిలోంచే చెప్తాను అన్నా. జన్యువు మోటారు అనుకోండి. దాన్ని ఆనుకుని ఉండే స్టార్టర్ డబ్బా ప్రమోటర్. ఇక రైతు ఇంట్లో కూర్చుని, రెండు కిలోమీటర్ల అవతల ఉన్న మోటారుకి సెల్‌తో రింగ్ ఇచ్చి ఆన్ చేస్తాడు చూడండి, ఆ రింగ్ ఇచ్చేది ఎన్‌హాన్సర్. అదీ డీఎన్ఏ ముక్కే, కానీ ప్రోటీన్ తయారు చేయదు. ఏ కణంలో, ఎప్పుడు, ఎంత అనేది తేలుస్తుంది. కంటి కణంలో, కాలేయ కణంలో ఉన్న డీఎన్ఏ ఒకటే. తేడా వచ్చేది ఎక్కువగా ఈ ముక్కల వల్లే.

పెన్నాతీరం
పోలిక బాగుంది గానీ ఒక చోట తప్పుతుంది. సెల్‌ఫోన్‌కి తీగ అక్కర్లేదు. ఇక్కడ డీఎన్ఏ వంగి, ఎన్‌హాన్సర్ వచ్చి ప్రమోటర్ దగ్గర చేరాలి. పూర్తిగా ముట్టుకోవాలా, దగ్గరికొస్తే చాలా అన్నదాని మీద మావాళ్లు ఇంకా కొట్టుకుంటున్నారు.

చరిత్ర తెలిస్తే మీ ప్రశ్నకు కూడా పనికొస్తుంది. 1981లో జ్యూరిచ్‌లో వాల్టర్ షాఫ్నర్ ల్యాబ్‌లో ఎస్‌వీ40 అనే వైరస్ నుంచి ఒక ముక్క తీశారు. అందులో 72 అక్షరాలు రెండుసార్లు వరసగా వస్తాయి. దాన్ని కుందేలు బీటా గ్లోబిన్ జన్యువున్న ప్లాస్మిడ్‌లో, అంటే గుండ్రటి డీఎన్ఏ ముక్కలో, పెట్టి మనిషి కణాల్లోకి పంపితే ఆ జన్యువు 200 రెట్లు పలికింది. ముందు పెట్టినా, వెనక పెట్టినా, తలకిందులుగా తిప్పి పెట్టినా, వేల అక్షరాల దూరంలో పెట్టినా పని చేసింది. ఎన్‌హాన్సర్ అన్న భావన అలా స్థిరపడింది. ఎక్కడో ఉన్న ముక్కను తెచ్చి వేరే చోట అతికించి చూడటంతోనే ఈ రంగం పుట్టిందన్నమాట. ఇలా కట్టి చూడటానికి సింథటిక్ బయాలజీ అన్న పేరు అప్పటికి అంతగా వాడుకలో లేదు, అంతే.

కోడ్‌కుర్రాడు
ఇవన్నీ చేత్తో కట్టే రోజులు పోయాయి అక్కా. కంప్యూటర్ మోడల్‌తో రాయించండి. వియన్నాలో స్టార్క్ ల్యాబ్ వాళ్లు డీప్ లెర్నింగ్‌తో ఈగ పిండానికి 40 ఎన్‌హాన్సర్లు సున్నా నుంచి రాయించారు. మెదడు, కండరం, పేగు ఇలా ఐదు రకాల కణజాలాలకి. నిజం ఈగల్లో పెట్టి చూస్తే 31 పలికాయి, 27 అనుకున్న చోటే పలికాయి. కండరాలవైతే అన్నీ హిట్. మీది కండరమే కదా!

తెల్లారిగట్ల
@కోడ్‌కుర్రాడు ఆ పేపర్ చదివాను, ముచ్చటేసింది. కానీ నా ప్రశ్న వేరు. పనిచేసేది ఒకటి కావాలని కాదు. ఇది ఎందుకు పనిచేయలేదో తెలియాలి.

పెన్నాతీరం
ఆ ప్రశ్న వదలకు తల్లీ. గైడ్‌కి ధైర్యంగా చూపించు.

నీకు జరిగిందే మిచిగన్‌లో స్కాట్ బరోలో ల్యాబ్‌కి జరిగింది. ఈగ కంటిలో శంకు కణాల్లో పలికే ‘స్పార్క్లింగ్’ అనే ఎన్‌హాన్సర్ మీద. అందులో తెలిసిన సైట్లు 12. అవన్నీ ఉంచి మధ్యదంతా మార్చేస్తే పలకలేదు. అప్పుడు వాళ్లు ముక్కను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి ఒక్కో గడినే మారుస్తూ పోయారు. ‘ఖాళీ’ అనుకున్న చోటు ఖాళీ కానే కాదు, పేరు తెలియని సైట్లతో కిక్కిరిసి ఉంది. ఇంకా రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి, అందులో ఒక గడి ఎన్‌హాన్సర్ దూరం నుంచి పనిచేయడానికి మాత్రమే కావాలి. ప్రమోటర్ పక్కనే పెడితే ఆ గడి లేకపోయినా నడుస్తుంది. రెండోది నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఉన్న సైట్లనే చోటు మార్చి పేరిస్తే, శంకు కణాల్లో ఆగిపోయి కాంతిగ్రాహక కణాల్లో గట్టిగా పలికింది. ముక్కలవే, పేర్పు వేరు, కణమే మారిపోయింది. 2010లో అచ్చయింది.

కట్టింది కూలిపోతేనే మనకు తెలియనిదేమిటో కనిపిస్తుంది. నీ తెల్ల పిండాలు కూడా డేటానే.

బఫర్‌బాటిల్
పెన్నాతీరం గారి మాటకి తోడు. ముందు ఈ మూడూ చూసుకో. అసలు ఎన్‌హాన్సర్‌ని, అదే వెక్టర్‌లో (ముక్కను మోసుకెళ్లే డీఎన్ఏ), ఈగ డీఎన్ఏలో అదే అట్-పీ అనే చోట పెట్టిన కంట్రోల్ ఈగలున్నాయా? అవి నీలంగా రాకపోతే గొడవ రిపోర్టర్‌ది, నీ డిజైన్‌ది కాదు. నువ్వు నింపిన లాటరీ అక్షరాల్లో, అనుకోకుండా అణచివేసే ప్రోటీన్‌కి సైటు పుట్టిందేమో వెతికావా? ఆరేడు అక్షరాల సైట్లు అనుకోకుండా పుట్టేస్తుంటాయి. ముక్కకీ ప్రమోటర్‌కీ మధ్య దూరం ఎంత?

తెల్లారిగట్ల
కంట్రోల్ ఈగలున్నాయి, అవి చక్కగా నీలం వచ్చాయి. దూరం 200 దాకా ఉంటుంది. అణచివేసే సైట్ల సంగతి చూడలేదు, ఈ రాత్రికే చూస్తాను.

ఆరోవేలు
సైడ్ ట్రాక్‌కి క్షమించండి. మా నాన్నకి, నాకు, మా పెద్దాడికి బొటనవేలి పక్కన ఆరో వేలుంది. మా నానమ్మ అదృష్టం అనేది. డాక్టరు గారు ‘జన్యువు బాగానే ఉంది, దాని స్విచ్‌లో ఒక అక్షరం మారింది’ అన్నారు. ఆ స్విచ్ ఈ ఎన్‌హాన్సరేనా?

బఫర్‌బాటిల్
అదే అయి ఉండొచ్చు. దాని పేరు జెడ్ఆర్ఎస్. చెయ్యీ కాలూ తయారయ్యేటప్పుడు సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువును చిటికెన వేలి వైపు మాత్రమే పలికిస్తుంది. జన్యువుకీ దీనికీ మధ్య దూరం దాదాపు 10 లక్షల అక్షరాలు, పైగా ఇది ఇంకో జన్యువు కడుపులో కూర్చుని ఉంటుంది. ఒక్క అక్షరం మారినా బొటనవేలి వైపు కూడా కాస్త పలికి, అదనపు వేలు రావచ్చు.

దీనికీ పైన ప్రశ్నకీ సూటి సంబంధం ఉంది. శాన్ డియాగోలో ఎమ్మా ఫార్లీ ల్యాబ్ 2024లో చూపించింది. జెడ్ఆర్ఎస్‌లో ఈటీఎస్ ప్రోటీన్ కూర్చునే ఒక సైటు స్వతహాగా చాలా బలహీనం. కొన్ని కుటుంబాల్లో మారిన అక్షరం దాన్ని కొద్దిగా బలపరుస్తుంది. వీళ్లు అంతే బలం వచ్చేలా వేరే అక్షరం మార్చి ఎలుకల్లో పెట్టారు. వాటికీ అదనపు వేళ్లొచ్చాయి. అంటే ఆ అక్షరం గొప్పేం కాదు, పట్టు పెరగడమే కారణం.

పాముది చూస్తే మరీ ఆశ్చర్యం. 2016లో ఎలుకలోని జెడ్ఆర్ఎస్ తీసి పాముది పెడితే కాళ్లు మొండిగా పుట్టాయి. పాము ముక్కలో పోయిన 17 అక్షరాలు తిరిగి చేర్చి పెడితే కాళ్లు మామూలుగా వచ్చాయి.

ఆరోవేలు
మావాడికి ఈ పాము కథ చెప్పాను. రాత్రి నుంచి వేళ్లు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు.

తెల్లారిగట్ల
@బఫర్‌బాటిల్ అయ్యో. నేను డిజైన్ చేసేటప్పుడు, సైట్లు కొంచెం వంకరగా ఉంటే వాటిని పుస్తకంలో ఉండే, ప్రోటీన్ గట్టిగా పట్టుకునే ‘మంచి’ సైటుగా సరిచేశాను. 7లో 3 అలా మార్చాను.

పెన్నాతీరం
అది చాలామంది చేసేదే. నేనూ చేశాను. ఫార్లీ 2015లో చేసిన పని చూడు. సముద్రంలో ఉండే సియోనా అనే జీవి, దాని పిండంలో 69 అక్షరాల ఎన్‌హాన్సర్. ముఖ్యమైన అక్షరాలు ఉంచి మిగతావి లక్షల రకాలుగా మార్చి, ఒక్కసారే పిండాల్లోకి పంపి చూశారు. సైట్ల పట్టు పెంచి, దూరాలు ‘సరి’ చేస్తే జన్యువు గట్టిగా పలికింది, కానీ పలకకూడని చోట కూడా పలికింది. ప్రకృతి ఆ ముక్కను కావాలనే కాస్త నీరసంగా ఉంచిందన్నమాట. చోటు తప్పకుండా ఉండటం కోసం గట్టితనం వదులుకుంది.

మామిడితాండ్ర
అయితే మరి ఆమెది అన్ని చోట్లా నీలం రావాలి కదా, అసలు రాకపోవడమేంటి?

పెన్నాతీరం
నిజమే, అందుకే ఆ మూడు సైట్లే అసలు దోషులని నేను అనుకోవడం లేదు.

పద్యప్రియ
తెలుగు టీచర్‌ని. మా అమ్మాయి బయోటెక్, తను చూపిస్తే చదివాను. ఇక్కడ మీరు అంటున్న పేర్పు గురించి ఒక సందేహం. తెలుగులో ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అన్నా ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అన్నా ఒకటే. విభక్తి ఉంది కాబట్టి వరస మారినా అర్థం చెడదు. మీ ఎన్‌హాన్సర్ అలాంటిదా, వరస మారితే చచ్చిపోయే భాషా?

బఫర్‌బాటిల్
టీచర్ గారూ, మా రంగంలో ముప్పై ఏళ్లుగా నడుస్తున్న తగువుని ఒక్క వాక్యంలో అడిగారు!

రెండు రకాలూ ఉన్నాయి. వైరస్ సోకినప్పుడు పలికే ఇంటర్‌ఫెరాన్ బీటా ఎన్‌హాన్సర్‌లో ప్రోటీన్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే గడ్డలా కూర్చోవాలి. వరస, దూరం మారితే పని పోతుంది. దాన్ని ఎన్‌హాన్సియోజోమ్ అంటారు. ఇంకొన్ని మీ తెలుగు వాక్యంలా, ఎవరెక్కడున్నా ఫరవాలేదు. దాన్ని బిల్‌బోర్డ్ నమూనా అంటారు. కాలేయంలో పనిచేసే 12 ప్రోటీన్ల సైట్లను రకరకాలుగా పేర్చి 4,970 కృత్రిమ ఎన్‌హాన్సర్లు కట్టి చూశారు, 2013లో. ఒక్కోదానికి ఒక్కో గుర్తు అక్షరాల పట్టీ తగిలించి, అన్నిటినీ ఒకే గుంపుగా పంపి, ఏ పట్టీ ఎంత పలికిందో లెక్కపెట్టడమే. ఒకే సైటు పదే పదే పెట్టిన వాటికంటే రకరకాల సైట్లు కలిపినవి మెరుగ్గా పలికాయి. వరసకు మరీ కఠినమైన నియమం కనిపించలేదు.

బోరుబావి
ఆవకాయలో నూనె ముందా కారం ముందా అని మా ఇంట్లో రెండు పార్టీలు. పచ్చడి మాత్రం రెండు జాడీల్లోనూ బాగానే ఉంటది.

పద్యప్రియ
ఇంకొకటి. పద్యానికి వచ్చేసరికి మా తెలుగు కూడా కఠినమే. ఉత్పలమాలలో 10వ అక్షరం దగ్గర, చంపకమాలలో 11వ అక్షరం దగ్గర యతి. మొదటి అక్షరానికి ఆ చోట ఉన్న అక్షరం జత కుదరాలి. మధ్యలో ఒక్క అక్షరం ఎక్కువైతే యతి తప్పి పద్యం కుంటుతుంది, మాటలన్నీ సరైనవే అయినా. మీ డీఎన్ఏలో అలాంటి లెక్క ఏదైనా ఉందా?

పెన్నాతీరం
ఉందండీ. మీరు చెప్పిన 10కీ 11కీ సరిగ్గా మధ్యన ఉంది. డీఎన్ఏ మెలిక ఒక పూర్తి చుట్టు తిరగడానికి దాదాపు 10.5 అక్షరాలు పడుతుంది. రెండు ప్రోటీన్లు ఒకే వైపున ఎదురుపడి చెయ్యి కలపాలంటే వాటి మధ్య దూరం ఆ లెక్కకి కుదరాలి. ఐదారు అక్షరాలు అదనంగా పడితే సగం చుట్టు తిరిగి, ఒకటి ఇటు, ఒకటి అటు ముఖం పెడతాయి. ఫ్రాన్స్‌లో షాంబోన్ ల్యాబ్ 1986లోనే ఎస్‌వీ40 మీద చూపించింది. సగం చుట్టు చేరిస్తే పని బాగా పడిపోయింది, పూర్తి చుట్టు చేరిస్తే అంత దెబ్బ పడలేదు.

ఇన్నేళ్లు పాఠం చెప్పాను, యతితో పోల్చాలని తట్టలేదు. ఈసారి చెప్తాను.

తెల్లారిగట్ల
ఒక్క నిమిషం. నా డిజైన్‌లో 3వ, 4వ సైట్ల మధ్య, తర్వాత కోసి అతికించడానికి వీలుగా ఉంటుందని, ఎకోఆర్‌వన్ అనే ఎంజైమ్ కోసే సైటు ఒకటి ఇరికించాను.

బఫర్‌బాటిల్
అది 6 అక్షరాలు.

తెల్లారిగట్ల
అవును, 6.

కోడ్‌కుర్రాడు
అమ్మో. మోడల్‌కి ఈ దూరాల లెక్క కూడా కొంత తెలుసక్కా. మీ అసలు ముక్క, మీరు కట్టిన ముక్క రెండూ ఇస్తే ఏ అక్షరం మారిస్తే ఎంత పడిపోతుందో గీసి ఇస్తుంది. సీక్వెన్స్ పంపితే నేను నడిపి పెడతా. పైన మరీ దూకుడుగా అన్నాను, మోడల్ రాసిందాన్ని కూడా చివరికి ఈగే చెప్పాలి.

చింతచిగురు
చర్చకి అడ్డొస్తున్నాననుకోకండి. మా పాపకి తలసీమియా మేజర్. మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తాం. ఏదో ఎన్‌హాన్సర్‌ని కోసి నయం చేస్తున్నారని యూట్యూబ్‌లో విన్నాను. అది ఇదేనా? నిజమేనా?

మామిడితాండ్ర
నిజమేనమ్మా, వివరంగా చెప్తాను. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకి వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక దాన్ని ఆపేసే ప్రోటీన్ బీసీఎల్11ఏ. దాన్ని పూర్తిగా తీసేస్తే మిగతా కణాలకు దెబ్బ. 2013లో తెలిసిందేమిటంటే, ఆ జన్యువు లోపలే, ఎర్ర రక్తకణాల వంశంలో మాత్రమే దాన్ని పలికించే ఎన్‌హాన్సర్ ఉంది. 2015లో ఆ ముక్క పొడవునా క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కొన్నేసి అక్షరాలకో కోత పెడుతూ వెళ్లి, ఎక్కడ కోస్తే పని పడిపోతుందో చూశారు. జీఏటీఏ1 ప్రోటీన్ కూర్చునే చిన్న చోటు అసలు కీలకం. అక్కడ కోస్తే ఎర్ర కణాల్లోనే బీసీఎల్11ఏ తగ్గి, పాత హిమోగ్లోబిన్ తిరిగొస్తుంది. దానిమీద కట్టిన చికిత్సే కాస్జెవీ. 2023 నవంబర్‌లో బ్రిటన్ అనుమతి ఇచ్చింది. అమెరికా డిసెంబర్‌లో సికిల్ సెల్‌కి, 2024 జనవరిలో తలసీమియాకి ఇచ్చింది.

కానీ అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మూలకణాలు బయటికి తీసి, మార్చి, ఎముక మజ్జను కీమోతో ఖాళీ చేసి, తిరిగి ఎక్కించాలి. చిన్న పని కాదు. ప్రస్తుతానికి పాపకి వేళకి రక్తం, ఐరన్ తగ్గించే మందు మానకుండా ఇవ్వడం అన్నిటికంటే ముఖ్యం. తోబుట్టువులుంటే మజ్జ సరిపోతుందేమో మీ డాక్టరుతో మాట్లాడండి. ఇంట్లో మేనరికం సంబంధాలేమైనా అనుకుంటుంటే పెళ్లికి ముందే, తలసీమియా జన్యువు మోస్తున్నారేమో చెప్పే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేయించమని చెప్పండి.

చింతచిగురు
మా తమ్ముడికి సంబంధం మేనమామ కూతురితోనే చూస్తున్నారండీ. రేపే ఫోన్ చేస్తాను. పాపకి అన్నయ్య ఉన్నాడు, ఆ పరీక్ష ఇంతవరకు ఎవరూ అడగలేదు.

బఫర్‌బాటిల్
@మామిడితాండ్ర చిన్న తేడా. మీరు చెప్పింది తీసేసి చూడటం. ఇక్కడ మాట్లాడేది కట్టి చూడటం. తీసేస్తే ఏది అవసరమో తెలుస్తుంది. ఏది ఉంటే సరిపోతుందో కడితేనే తెలుస్తుంది. న్యూయార్క్‌లో బోకే బృందం 2022లో ఎలుక జాతి రాట్ హాక్స్-ఏ గుంపును (శరీరంలో ఏ భాగం ఎక్కడ రావాలో తేల్చే జన్యువులు), లక్షకు పైగా అక్షరాలు, ఈస్ట్‌లో మొత్తం కట్టి, మౌస్ మూలకణంలో అది మామూలుగా ఉండని చోట పెట్టింది. దూరపు ఎన్‌హాన్సర్లు లేకపోయినా, ఎక్కడ ఎవరు పలకాలన్న సంకేతాన్ని ఆ గుంపు చదువుకుంది. గట్టిగా పలకడానికి మాత్రం ఎన్‌హాన్సర్లు కావాల్సి వచ్చాయి. ఇది కోతలతో తేలే విషయం కాదు.

మామిడితాండ్ర
ఒప్పుకుంటాను. అయినా నా వార్డులో పిల్లలకి ముందు అందింది కోతే.

తెల్లారిగట్ల
నాలుగు నెలలైంది, ఇప్పుడే ఈగలు వచ్చాయి. మూడు కొత్త ముక్కలు కట్టించాను. ఒకటి, ఆ 6 అక్షరాలు తీసేసింది. రెండు, 6 తీసేసి, మార్చిన మూడు సైట్లను మళ్లీ వంకరగానే పెట్టింది. మూడు, ఇవి రెండూ చేసి, కోడ్‌కుర్రాడు మోడల్‌లో బాగా కనిపించిన మధ్య 40 అక్షరాలు కూడా పాతవే తెచ్చి పెట్టింది.

మొదటిది మళ్లీ తెలుపే. కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. రెండోదాంట్లో ఎక్కడో ఒకటి రెండు కణాలు, నమ్మాలో వద్దో తెలియని నీలం. మూడోది రాత్రి రెండున్నరకి చూశాను. పిండం పక్కన వరసగా, కండరం కండరానికి సన్నటి నీలం గీత. కంట్రోల్ అంత ముదురు కాదు, కుంకుడు నురగలో నీలిమందు కలిపినంత. కానీ చోటు సరైనదే. పక్క ల్యాబ్‌లో నిద్రపోతున్న జూనియర్‌ని లేపి చూపించాను.

పద్యప్రియ
మా అమ్మాయీ నేనూ ఇద్దరం చదివాం. మరి యతి ఒక్కటే చాలలేదన్నమాట?

తెల్లారిగట్ల
చాలలేదండీ. 6 తీయకుండా ఆ 40 మాత్రమే పెట్టిన ముక్క కూడా కట్టాలి. అది లేకుండా యతి అసలు అవసరమో కాదో చెప్పలేను. నిన్ననే ఆర్డర్ పెట్టాను.

పెన్నాతీరం
శభాష్, అడగబోయిందే చెప్పావు. ఎన్ని పిండాలు లెక్కపెట్టావు? ఎన్ని లైన్లు, అంటే విడివిడి ఈగ వంశాలు?

తెల్లారిగట్ల
రెండు లైన్లు. 64 పిండాలు చూశాను, 41లో కండరాల్లో నీలం. కంట్రోల్‌తో ఒకే ట్రేలో, ఒకే గంటలు.

పెన్నాతీరం
స్లైడ్ల మీద నంబర్లు మాత్రమే రాసి, ఏది ఏదో తెలియని మనిషితో ఇంకోసారి లెక్కపెట్టించు. ఆ లేపిన జూనియర్‌నే అడుగు.

తెల్లారిగట్ల
అడిగాను. టిఫిన్ పెట్టిస్తే లెక్కపెడతానంది. పెసరట్టు ఉప్మా.